పచ్చి కూరలు, పండ్లు, పనీర్ కలిపిన సలాడ్
(రక్తహీనత ఉన్న ఇంటికి ఒక పాఠం)



ఈ నెల పాఠం వంటింటికి సంబంధించినది. సలాడ్ అనగానే చాలామంది "అది హోటల్ తిండి, బరువు తగ్గాలనుకునేవాళ్ళ తిండి, మనకెందుకు?" అంటారు. నిజానికి మన కూరగాయల అంగడిలో దొరికే కీర, క్యారెట్, టమాట, జామపండు, ఇంట్లో ఉన్న పాలు, ఒక నిమ్మకాయ ఉంటే చాలు. పొయ్యి మీద పని పాలు కాచే వరకే. ఈ పళ్ళెం వల్ల మేలు జరగాలంటే మూడు విషయాలు తెలియాలి. శుభ్రంగా కడగడం ఎలా? దేనితో కలిపి ఎప్పుడు తినాలి? ఇంట్లో ముందుగా ఎవరికి పెట్టాలి? ఈ మూడింటినీ వరుసగా తెలుసుకుందాం.

మన ప్రాంతానికి ఈ పాఠం ఎందుకు?

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. 5 ఏళ్ళలోపు పిల్లలలో ఇది 70 శాతం. అదే వయసు పురుషులలో మాత్రం 15.3 శాతమే. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో గర్భిణుల రక్తహీనత ఎంత ఎక్కువంటే, 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది జిల్లాలను ఎంచుకుని గర్భిణులకు న్యూట్రిషన్ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ రెండు జిల్లాలూ ఆ జాబితాలో ఉన్నాయి.

స్త్రీలకు నెలసరి, కాన్పుల వల్ల రక్తం పోతుంది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్కల్లో పురుషునికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలంటే, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావాలని చెప్పింది. ఎక్కువ కావలసిన మనిషి ఇంట్లో అందరికంటే చివర తింటుంది. కూర అడుగంటిన తర్వాత పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటుంది. లెక్క తప్పుతున్నది ఇక్కడే.

రక్తం తక్కువైతే కనిపించే లక్షణాలు: కొద్ది దూరం నడిస్తేనే ఆయాసం, గుండె దడ, కళ్ళు తిరగడం, ఎప్పుడూ నీరసం, కింది కనురెప్ప లోపల, నాలుక, అరచేతులు పాలిపోవడం. కొందరికి మట్టి, బియ్యం, బలపం తినాలనిపిస్తుంది. హీమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే స్త్రీలలో రక్తహీనత అంటాము. గర్భిణులకు ఈ హద్దు 11. ఇది చిన్న రక్తపరీక్షతో తెలుస్తుంది.

ముందే ఒక మాట స్పష్టంగా చెబుతున్నాను. సలాడ్ తిన్నంత మాత్రాన రక్తహీనత నయం కాదు. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానకూడదు. తోటకూర, మునగాకు, పప్పులు, జొన్నలు, గుడ్లు, మాంసం, కాలేయం వంటి ఆహారమూ కావాలి. మరి సలాడ్ ఏం చేస్తుంది? మనం తిన్న ఆ ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టేలా సాయం చేస్తుంది.

పులుపు చేసే మేలు

ఆకుకూరలు, పప్పులు, ధాన్యాలలోని ఇనుమును మన పేగులు సులభంగా పీల్చుకోలేవు. అందులో పదో వంతు కూడా రక్తంలోకి చేరదు. మిగిలినది మలంలో పోతుంది. అదే భోజనంలో విటమిన్ సి ఉంటే ఆ ఇనుము సులభంగా పీల్చుకునే రూపంలోకి మారుతుంది. కాబట్టి నిమ్మరసం, జామ, ఉసిరి, బొప్పాయి, టమాట అన్నంతో లేదా జొన్నరొట్టెతో పాటే తినాలి. ఉదయం కూర తిని సాయంత్రం జామపండు తింటే ఈ ప్రయోజనం రాదు.

రోగిని చూడటానికి వచ్చేవారు ఎక్కువగా యాపిల్ పండ్లు తెస్తారు. యాపిల్ మంచిదే. కానీ 100 గ్రాముల యాపిల్‌లో 5 మిల్లీగ్రాముల విటమిన్ సి కూడా ఉండదు. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. స్త్రీకి రోజుకు కావలసినది 65 మిల్లీగ్రాములు. అంటే ఒక చిన్న జామపండుతో ఆ రోజు అవసరం తీరిపోతుంది. ఉసిరికాయలో జామకంటే కూడా ఎక్కువ ఉంటుంది. విటమిన్ సి వేడికి, గాలికి పాడవుతుంది కాబట్టి పచ్చిగా, కోసిన వెంటనే తినాలి.

ఇనుమును అడ్డుకునేవి కూడా ఉన్నాయి. అన్నం తినగానే తాగే ఛాయ్ వాటిలో మొదటిది. కాఫీ కూడా అంతే. భోజనానికి ముందు, తర్వాత కనీసం ఒక గంట ఛాయ్ తాగకండి. పాలు, పనీర్‌లలోని కాల్షియం కూడా ఐరన్ మాత్రను కొంత అడ్డుకుంటుంది. అందుకని పనీర్ వేసిన సలాడ్‌ను మధ్యాహ్నం తింటే, ఐరన్ మాత్రను రాత్రి నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. రెంటికీ మధ్య రెండు గంటలైనా ఉండాలి.

"మరి పనీర్ ఎందుకు వేయడం?" అని అడుగుతారు. పనీర్‌లో ఇనుము లేదు, నిజమే. కానీ 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రక్తం తయారుకావడానికి ఇనుముతో పాటు మాంసకృత్తులూ కావాలి. ఎముకలకు కాల్షియం వస్తుంది, కడుపు నిండుతుంది. మాంసం, గుడ్డు తినని వారికి ఇది మంచి ఆధారం. పనీర్ లేని రోజు ఉడికించిన గుడ్డు ముక్కలు గానీ, ఉడికించిన శనగలు గానీ వేసుకోవచ్చు.

పనీర్ ఇంట్లో చేసుకునే పద్ధతి

1. ఒక లీటరు పాలను బాగా పొంగేవరకు కాచండి. గేదె పాలు అయితే పనీర్ ఎక్కువ వస్తుంది. ఊరిలో పోయించుకునే పాలైనా, డెయిరీ పాకెట్ పాలైనా కాచడం తప్పనిసరి. కాచని పాలవల్ల బ్రూసెల్లోసిస్ అనే జ్వరం, క్షయ రావచ్చు.

2. మంట ఆర్పి రెండు నిమిషాలు ఆగండి. రెండు పెద్ద చెంచాల నిమ్మరసంలో అంతే నీళ్ళు కలిపి, కొద్దికొద్దిగా పోస్తూ నెమ్మదిగా కలపండి.

3. పాలు విరిగి, లేత పచ్చని నీళ్ళు వేరవుతాయి. వేరుకాకపోతే ఇంకొక చెంచా నిమ్మరసం పోయండి.

4. ఉడికించి ఆరబెట్టిన పలుచని బట్టలో వడకట్టండి. కాచి చల్లార్చిన నీళ్ళు పోసి పులుపు పోయేలా కడగండి.

5. మూటకట్టి అరగంట వేలాడదీయండి. తర్వాత పళ్ళెం కింద పెట్టి, పైన నీళ్ళ చెంబు బరువు ఉంచితే మరో అరగంటకు గట్టిపడుతుంది.

ఒక లీటరుకు సుమారు 150 నుండి 200 గ్రాముల పనీర్ వస్తుంది. వడకట్టిన నీళ్ళు పారబోయకండి. వాటితో రొట్టె పిండి కలపండి, లేదా పప్పుచారులో పోయండి. ఫ్రిజ్ ఉంటే పనీర్‌ను రెండు రోజుల్లో వాడండి. ఫ్రిజ్ లేకపోతే చేసిన పూటే తినేయాలి.

దుకాణంలో దొరికే చీజ్ గురించి కూడా ఒక మాట. ఇంగ్లీషు పుస్తకాలలోని చీజ్‌ను తెలుగులో "జున్ను" అని రాస్తుంటారు. మన జున్ను వేరు. అది ఈనిన పశువు తొలి పాలతో బెల్లం వేసి చేసుకునేది, సలాడ్‌లోకి రాదు. దుకాణపు చీజ్ ముక్కలలో ఉప్పు చాలా ఎక్కువ. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దాని జోలికి పోవద్దు. ఇంటి పనీర్‌లో ఉప్పు ఉండదు, ఖర్చూ తక్కువ.

కడగడం – అన్నిటికంటే ముఖ్యమైన పని

వండిన కూరలో క్రిములు వేడికి చస్తాయి. సలాడ్‌కు ఆ రక్షణ లేదు. కాబట్టి కడగడమే మనకున్న రక్షణ. సరిగా కడగని పచ్చి కూరగాయలవల్ల విరేచనాలు, అమీబా జిగట విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు, ఏలిక పాములు వస్తాయి.

ఇంకొక జబ్బు ఫిట్స్. "క్యాబేజీలో పురుగు మెదడుకెక్కుతుందట" అని చాలామంది భయపడుతూ అడుగుతారు. అసలు విషయం ఇది. బద్దెపురుగు కడుపులో ఉన్న మనిషి ఆరుబయట మలవిసర్జన చేస్తే, ఆ పురుగు గుడ్లు మట్టిలో, నీటిలో కలుస్తాయి. ఆ నీరు పారిన పొలంలోని ఏ కూరగాయకైనా అవి అంటుకోవచ్చు. తప్పు క్యాబేజీది కాదు. కడగకుండా పచ్చిగా తింటే గుడ్లు కడుపులోకి వెళ్ళి, పిల్లలై, రక్తం ద్వారా మెదడుకు చేరి తిత్తులు కడతాయి. అప్పుడు ఫిట్స్ వస్తాయి. పంది మాంసం జీవితంలో ఎన్నడూ తినని వారికి కూడా ఇది ఇలాగే వస్తుంది. కాబట్టి మరుగుదొడ్డి వాడటం, చేతులు సబ్బుతో కడుక్కోవడం, కూరగాయలు కడగడం ఈ మూడూ ఒకే పాఠంలోని భాగాలు.

కడిగే పద్ధతి ఇది.

• ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. గోళ్ళ సందులు మరవకండి.
• కుళ్ళిన, పురుగు తిన్న ఆకులు, వేర్లు తీసేయండి. క్యాబేజీ పై పొరలు రెండు మూడు తీసేసి ఆకులు విడదీయండి.
• కోయకముందే కడగండి. కోసిన తర్వాత కడిగితే మురికి లోపలికి పోతుంది, విటమిన్లు నీటిలో పోతాయి.
• పారే నీటి కింద ఒక్కొక్కటి చేతితో రుద్ది కడగండి. నల్లా లేకపోతే పెద్ద గిన్నెలో మూడుసార్లు నీళ్ళు మార్చండి. ఆకుకూరలైతే అడుగున మట్టి దిగడం ఆగేవరకు మార్చాలి.
• చివరిసారి కాచి చల్లార్చిన నీటితో గానీ, ఫిల్టర్ నీటితో గానీ కడగండి.
• ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో నానబెడితే చిన్న పురుగులు బయటికి వస్తాయి. కానీ గుడ్లు, క్రిములు అన్నీ చావవు. రుద్ది కడగడానికి అది బదులు కాదు.
• మాంసం కోసిన కత్తి, పీటను సబ్బుతో కడగకుండా సలాడ్‌కు వాడకండి.

వానకాలంలో ఆకుకూరలను పచ్చిగా తినవద్దు, వండుకునే తినండి. ఆ రోజుల్లో చెక్కు తీయగల కీర, క్యారెట్, ముల్లంగి, బొప్పాయి వంటివే పచ్చిగా వాడండి. మురికి కాలువ పక్కన పెరిగినవని తెలిస్తే ఏ కాలంలోనూ పచ్చిగా వద్దు.

సలాడ్ తయారీ (నలుగురికి)

కావలసినవి: కీర 2, క్యారెట్ 2, గట్టి టమాటలు 2, చిన్న ఉల్లిగడ్డ 1, లేత పాలకూర ఆకులు ఒక గుప్పెడు, కొత్తిమీర, పుదీన కొంచెం, దోర జామకాయలు 2, పండిన బొప్పాయి ముక్కలు ఒక గిన్నెడు, పనీర్ 150 గ్రాములు, వేయించి పొట్టు తీసిన పల్లీలు రెండు చెంచాలు, నిమ్మకాయలు 2, నువ్వుల నూనె లేదా పల్లి నూనె రెండు చిన్న చెంచాలు, మిరియాల పొడి, ఉప్పు పావు చెంచా.

1. కీర, క్యారెట్ చెక్కు తీసి పలుచగా కోయండి. కీర కొనను రుచి చూడండి, చేదుగా ఉంటే ఆ కాయ వాడవద్దు.
2. జామకాయ ముక్కలు చేయండి. పళ్ళు సరిగా లేని పెద్దవారికైతే గింజలు తీసేయండి.
3. ఆకులను నీళ్ళు వంపి, శుభ్రమైన బట్టపై ఆరబెట్టి, చేతితో తుంచండి. తడి ఉంటే సలాడ్ నీళ్ళు కారిపోతుంది.
4. ఒక చిన్న గిన్నెలో నిమ్మరసం, నూనె, మిరియాల పొడి, ఉప్పు వేసి బాగా గిలకొట్టండి.
5. పెద్ద గిన్నెలో ముందు కూరగాయలు, తర్వాత ఆకులు, పండ్లు వేసి, ఈ రసం పోసి పైపైన కలపండి. చివర పనీర్ ముక్కలు, పల్లీలు చల్లండి.

నూనె ఎందుకంటే క్యారెట్, ఆకుకూర, బొప్పాయిలలో ఉండి విటమిన్ ఎ గా మారే పదార్థం కొవ్వుతో కలిస్తేనే ఒంటికి పడుతుంది. ఉప్పు వడ్డించే ముందు మాత్రమే కలపాలి. సలాడ్ చేసిన గంటలోపు తినేయాలి. మిగిలినది రాత్రికి దాచకండి.

పాలకూరలో ఇనుము ఉన్నా, అందులోని ఆక్సాలేట్ దానిని పట్టి ఉంచుతుంది. అందుకని పచ్చి పాలకూర ఒక గుప్పెడు చాలు. ఇనుము కోసం తోటకూర, మునగాకు వండుకుని, పక్కన ఈ సలాడ్ పెట్టుకోండి.

కాలాన్ని బట్టి మార్చుకోండి. చలికాలంలో జామ, ఉసిరి తురుము, నాగపూర్ వైపు నుండి వచ్చే కమలాలు. ఎండకాలంలో పుచ్చకాయ, కర్బూజ, పచ్చి మామిడి తురుము, మన జగిత్యాల మామిడి పండ్లు. వానలు వెనుకపట్టేటప్పుడు సీతాఫలం వస్తుంది గానీ అది మెత్తగా ఉంటుంది కాబట్టి విడిగా తినండి. ఏ పండు చవకో ఆ వారం అదే మంచి పండు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచన ప్రకారం ఒక మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. వండిన కూరకు తోడు ఈ సలాడ్ ఉంటే ఆ లెక్కకు దగ్గరగా వస్తాము.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

చక్కెర వ్యాధి ఉన్నవారు: కీర, టమాట, ఆకులు ఎక్కువ, జామ కొద్దిగా వేసుకోండి. మామిడి, అరటి, సీతాఫలం వేయవద్దు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు: పచ్చి కూరగాయలు, పండ్లలో పొటాషియం ఎక్కువ. మీ డాక్టరును అడగకుండా ఈ సలాడ్ తినకండి. రాళ్ళు వచ్చినవారు పచ్చి పాలకూర వదిలేయండి.

గుండె కవాటం ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారు: ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకండి, తగ్గించకండి. ముందు డాక్టరుకు చెప్పండి.

క్యాన్సర్ మందులు తీసుకుంటున్నవారు, విరేచనాలు ఉన్నవారు, కడుపు ఆపరేషన్ అయినవారు: చెప్పేవరకు పచ్చివి వద్దు.

చిన్న పిల్లలు: పల్లీలు, గట్టి క్యారెట్ ముక్కలు గొంతులో అడ్డుపడతాయి. తురిమి, పల్లీలు పొడి చేసి పెట్టండి.

మమ్మల్ని అడిగే ప్రశ్నలు

"గర్భిణి బొప్పాయి తింటే గర్భం పోతుందా సిస్టరమ్మా?"
పాలు కారే పచ్చి బొప్పాయి తినకూడదు. బాగా పండినది కొద్దిగా తింటే ప్రమాదం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు భయపడితే గొడవ పడవద్దు. దాని బదులు జామ వేసుకోండి, మేలు ఇంకా ఎక్కువే.

"బాలింత పచ్చివి, పండ్లు తింటే బిడ్డకు జలుబు చేస్తుందా?"
చేయదు. జలుబు క్రిముల వల్ల వస్తుంది, జామపండు వల్ల కాదు. కాన్పులో రక్తం పోయిన తల్లికి పథ్యం పేరుతో కారం మెతుకులు మాత్రమే పెడితే ఆమె కోలుకోదు. ఐరన్ మాత్రలు కూడా కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి.

"పాల పదార్థం, పండు కలిపి తినవచ్చునా?"
తినవచ్చు. కడుపులో విషం కాదు. పనీర్ తాజాగా ఉంటే చాలు.

"ఎంత తిన్నా మా పాపకు రక్తం పట్టడం లేదు, ఎందుకు?"
కడుపులో కొంకిపురుగులు ఉన్నాయేమో చూడాలి. అవి పేగును పట్టుకుని రక్తం పీలుస్తాయి. చెప్పులు లేకుండా నడిస్తే పాదాల చర్మం గుండా లోపలికి వస్తాయి. నులిపురుగుల నివారణ దినాలలో, అంటే ఫిబ్రవరి 10, ఆగస్టు 10 ప్రాంతంలో బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించండి. అప్పటికీ రక్తం పెరగకపోతే పరీక్షకు తీసుకురండి.

ఇంటి పని

పాఠం అన్నాక ఇంటి పని ఉండాలి కదా! ఈ నెలలో వారానికి మూడుసార్లు ఈ సలాడ్ చేయండి. వడ్డించేటప్పుడు ఒక పని చేయండి. ఇంట్లో గర్భిణి గానీ, బాలింత గానీ, ఎదిగే ఆడపిల్ల గానీ, వంట చేసిన తల్లి గానీ ఎవరున్నారో చూసి, వారి భాగం ముందుగా తీసి మూతపెట్టండి. తర్వాతే మిగిలినవారికి వడ్డించండి. వీలైతే అందరూ కలిసి కూర్చుని తినండి. అప్పుడు మూత పెట్టే అవసరమే ఉండదు.

ఇంటి మగవారికి నా మనవి: కూరగాయలు కడగడం, కోయడం మీరు చేయండి. మీ భార్య, కోడలు మీతోపాటు కూర్చుని తిన్నదా లేదా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలా ఇళ్ళలో అడిగేవారు లేరు.

గుర్తుంచుకోండి

1. కోయకముందు కడగాలి, కోసిన వెంటనే తినాలి.
2. పులుపు భోజనంతోపాటు, ఛాయ్ గంట తర్వాత.
3. ఐరన్ మాత్రకు, పనీర్‌కు రెండు గంటల దూరం.
4. వానకాలంలో ఆకులు పచ్చిగా వద్దు.
5. రక్తం ఎక్కువ అవసరమైన మనిషికి ముందు వడ్డన.

నీరసం, ఆయాసం ఉంటే పని ఎక్కువై వచ్చిందని ఊరుకోకుండా హీమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఫలితం రాసిన చీటీని దాచుకోండి. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించి రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూడండి. అంకె పెరిగిందో లేదో మీకే తెలుస్తుంది. పెరగకపోతే ఆలస్యం చేయకుండా రండి, కారణం వెదుకుదాం.

– నర్సింగ్ సూపరింటెండెంట్